క్రాన్‌బెర్రీ: ఏది కొనాలి, ఎంత తినాలి, మన వంటల్లో ఎట్లా వాడాలి

డ్రైఫ్రూట్ దుకాణంలో కిస్‌మిస్ డబ్బా పక్కన ఎర్రగా మెరిసే ఎండు క్రాన్‌బెర్రీలో బరువు లెక్కన మూడింట రెండు వంతులు చక్కెరే. మూత్రంలో మంటకు మంచిదని ఎవరో చెబితే పావుకిలో కొని గుప్పెళ్లకొద్దీ నోట్లో వేసుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. పండులో గుణం లేదని కాదు, ఉంది. కానీ ఆ గుణం ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఎవరికి పనికొస్తుందన్నది ఒక లెక్క. వంటలో పులుపుకూ రంగుకూ వాడుకోవడం ఇంకో లెక్క. రెండూ కలిపేస్తే డబ్బులూ పోతాయి, షుగరూ పెరుగుతుంది. అందుకే ఇక్కడ కొనడం, ఆరోగ్యం, వంట వేర్వేరుగా చెప్పాం. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు వానాకాలంలో దొరికే వాక్కాయతో ఇదే పని ఎంతవరకు సాగుతుందో కూడా చూద్దాం.

ముందు పండు గురించి కొంచెం

క్రాన్‌బెర్రీ (శాస్త్రీయ నామం వ్యాక్సీనియం మాక్రోకార్పన్) ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు పంట. నేల మీద పాకే సన్నటి తీగ. ఇసుక కలిసిన, ఆమ్లగుణం ఉన్న తడి నేల కావాలి, గట్టి చలికాలం కావాలి. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో 1816 ప్రాంతంలో హెన్రీ హాల్ అనే ఆయన సాగు మొదలుపెట్టాడు. ఇప్పుడు అమెరికా పంటలో సగానికి పైగా విస్కాన్సిన్ రాష్ట్రానిదే. కెనడా, చిలీ దేశాల్లోనూ బాగా పండిస్తారు. కోత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. నీళ్ల మీద ఎర్రగా తేలుతున్న పండ్ల ఫొటోలు చూసి ఇది వరిలాగా నీళ్లలో పెరిగే పంట అనుకుంటారు. అది కాదు. కోత సమయంలోనే మడికి నీళ్లు పెడతారు. పండు లోపల నాలుగు గాలి గదులు ఉంటాయి కాబట్టి తీగ నుంచి రాలగానే పైకి తేలుతుంది, వలతో లాగినట్టు ఒక పక్కకు చేర్చి ఎత్తుకుంటారు.

మే నెలలో 44 డిగ్రీలు దాటే మన చెలకల్లో ఇది బతకదు. ఎవరైనా క్రాన్‌బెర్రీ మొక్క అని అమ్మితే ఆకు తుంచి చూడండి. తెల్లటి పాలు కారి, కొమ్మకు ముళ్లుంటే అది వాక్కాయ చెట్టే. పెరట్లో వేసుకోవడానికి అదీ మంచిదే. కాకపోతే క్రాన్‌బెర్రీ ధర పెట్టకండి.

తాజా పండు 100 గ్రాముల్లో 46 కేలరీలు, దాదాపు 87 గ్రాముల నీరు, 4 గ్రాముల చక్కెర, 14 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. అదే ఎండబెట్టి చక్కెర పట్టించిన క్రాన్‌బెర్రీ 100 గ్రాముల్లో 300 కేలరీలకు పైనే, చక్కెర 65 నుంచి 72 గ్రాములు, విటమిన్ సి దాదాపు సున్నా. ఎందుకింత తేడా అంటే, ఫ్యాక్టరీలో ముందు పండును కోసి రసం చాలావరకు లాగేస్తారు. ఆ రసం జ్యూస్ తయారీకి పోతుంది. మిగిలిన పిప్పికి చక్కెర పాకం పట్టించి, ఆరబెట్టి, ముక్కలు అంటుకోకుండా కాస్త పొద్దుతిరుగుడు నూనె రాస్తారు. మన చేతికొచ్చేది అదే. చక్కెర లేకుండా ఈ పండు నోట్లో పెట్టలేం, అంత పులుపు, వగరు. ఆమ్లత్వం పీహెచ్ 2.5 దగ్గర, అంటే ఇంచుమించు నిమ్మరసంతో సమానం.

కొనేటప్పుడు

మన దగ్గర నాలుగు రూపాల్లో దొరుకుతుంది. ఎండువి ఎక్కడైనా ఉంటాయి. డబ్బా జ్యూస్ పెద్ద సూపర్‌మార్కెట్లలో ఉంటుంది. క్యాప్సూళ్లు, సాచెట్లు మందుల షాపుల్లో. ఫ్రోజెన్ పండ్లు మాత్రం ఎక్కువగా హైదరాబాద్‌లోనే. అక్కడి నుంచి తెచ్చుకునేవాళ్లు ఐస్ బాక్సులో తెచ్చుకోవాలి. బస్సులో మూడు గంటలు మామూలు సంచిలో వస్తే మెత్తబడి రసం కారుతుంది. అట్లా కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా ఆ రోజే వండేయాలి.

ఎండువి కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి రెండు చోట్ల చూడండి. మొదటిది, వాడిన పదార్థాల జాబితా. క్రాన్‌బెర్రీ, చక్కెర, పొద్దుతిరుగుడు నూనె, ఈ మూడే ఉంటే అది మామూలు సరుకు. రంగు పేరో, ఎరుపు కోసం కలిపిన నంబరో కనిపిస్తే వద్దు. అసలైన క్రాన్‌బెర్రీకి రంగు వేయాల్సిన అవసరమే లేదు. రెండోది, పోషకాల పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ అనే గీత. ఆహార భద్రతా సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం అది విడిగా చూపించాలి. ‘చక్కెర కలపలేదు’ అని ముందు వైపు పెద్దక్షరాలతో ఉన్నా, జాబితాలో ‘ఆపిల్ జ్యూస్ కాన్‌సెంట్రేట్’ ఉంటే అదీ చక్కెర కిందే లెక్క.

విడిగా తూకానికి అమ్మేచోట ఇంకో తిరకాసు ఉంది. వాక్కాయను గింజ తీసి, చక్కెర పాకంలో ఊరబెట్టి, ఎర్ర రంగు వేస్తే అదే పాన్‌లో, బేకరీ కేకు మీద పెట్టే ‘చెర్రీ’. ఇప్పుడు అదే సరుకు ముక్కలుగా కోసి క్రాన్‌బెర్రీ పేరుతోనూ తిరుగుతోంది. తేడా ఇట్లా పట్టుకోవచ్చు. నాలుగు ముక్కలు పావు గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు వేయండి. రెండింటి నుంచీ కొంత ఎరుపు దిగుతుంది, కాబట్టి అంతటితో తేలదు. ఆ నీళ్లలో చిటికెడు తినే సోడా కలపండి. పండులోని సహజమైన రంగైతే ఎరుపు పోయి ఊదాగానో, నీలం కలిసిన బూడిద రంగుగానో మారుతుంది. పూసిన రంగైతే ఎర్రగానే ఉండిపోతుంది. ముక్క విప్పి చూసినా తెలుస్తుంది. క్రాన్‌బెర్రీ తొక్క పలచగా ముడతలు పడి, లోపల బోలుగా, ఆవగింజ కంటే కాస్త పెద్ద గింజలతో ఉంటుంది. రంగేసిన వాక్కాయ మందంగా, గట్టిగా, లోపలంతా ఒకే కండగా ఉంటుంది.

జ్యూస్ డబ్బాల్లో చాలావరకు ‘డ్రింక్’ అనే రాసి ఉంటుంది. అందులో అసలు రసం నాలుగో వంతు దగ్గర, మిగతాదంతా నీళ్లూ చక్కెరా. రసం శాతం ఎంతో వెనకాల రాసి ఉంటుంది. 25 శాతం కంటే తక్కువైతే అది రంగునీళ్లే అనుకుని పక్కన పెట్టేయొచ్చు.

నిల్వ గురించి: ప్యాకెట్ విప్పాక గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి ఉంచండి. ఉగాది దాటి ఎండలు ముదిరాక బయట పెడితే చక్కెర కరిగి ముక్కలన్నీ ముద్దకడతాయి. వానలు పడితే తేమ పట్టి బూజు వస్తుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఫ్రిజ్‌లోనే మేలు, ఆరు నెలలు ఆగుతాయి. ఫ్రోజెన్ పండ్లు డీప్ ఫ్రీజర్‌లో ఏడాది ఉంటాయి.

ఆరోగ్యం: ఏది నిజం, ఎంతవరకు

క్రాన్‌బెర్రీకి గట్టి రుజువున్నది ఒక్క విషయంలోనే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వచ్చేవాళ్లకు మళ్లీ రాకుండా కొంత అడ్డుపడుతుంది. ఇన్‌ఫెక్షన్ తెచ్చేది ఎక్కువగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా. దాని ఒంటి మీది సన్నటి నూగులాంటి పోగులతో మూత్రాశయం లోపలి గోడను పట్టుకుని అక్కడ పెరుగుతుంది. క్రాన్‌బెర్రీలోని ‘ఏ-టైప్ ప్రోయాంథోసయనిడిన్లు’ (పొట్టిగా పీఏసీ) ఆ పట్టు కుదరకుండా చేస్తాయి. గోడకు అంటుకోలేని బ్యాక్టీరియా మూత్రంతో పాటు బయటికి పోతుంది. పులుపు వల్ల మూత్రం ఆమ్లంగా మారి బ్యాక్టీరియా చస్తుందని పాతకాలం నుంచి చెప్పే మాటకు ఇప్పుడు పెద్దగా బలం లేదు.

ఈ వ్యవహారంలో ఒక మలుపు ఉంది. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ 2012లో దీనివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. 2023లో 50 అధ్యయనాలు, 8,857 మంది లెక్కలు కలిపి చూసి మాట మార్చుకుంది. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో ముప్పు సుమారు 26 శాతం, పిల్లల్లో సగానికి పైగా తగ్గిందని చెప్పింది. అయితే వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్లకు, గర్భిణులకు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని జబ్బున్నవాళ్లకు లాభం కనిపించలేదని కూడా అదే నివేదికలో ఉంది. నానమ్మకు నెలనెలా సీసాలు కొనిపెట్టే ముందు ఈ రెండో ముక్క చదవాలి.

ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను ఇది తగ్గించదు. మంట మొదలయ్యాక జ్యూస్ తాగుతూ కూర్చుంటే రోగం కిడ్నీ దాకా ఎక్కొచ్చు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, వాంతులు కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. గర్భిణులు, షుగరున్నవాళ్లు, మగవాళ్లు, చిన్నపిల్లలైతే మంట మొదలవగానే చూపించుకోవడం మంచిది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. మందుల షాపులో మాత్ర అడిగి వేసుకుని, అది పనిచేయక పరీక్షకు పోతే అప్పటికి కల్చర్‌లో ఏమీ దొరకకపోవచ్చు.

మోతాదు విషయానికొస్తే, పరిశోధనల్లో ఎక్కువగా వాడింది రోజుకు 36 మిల్లీగ్రాముల పీఏసీ. క్యాప్సూల్ అట్ట మీద ‘క్రాన్‌బెర్రీ ఎక్స్‌ట్రాక్ట్ 500 మిల్లీగ్రాములు’ అని పెద్దగా ఉంటుంది, కానీ చూడాల్సింది అందులో పీఏసీ ఎంత అనేది. అది రాయని క్యాప్సూల్‌లో ఎంతుందో అమ్మేవాడికీ తెలియదు. జ్యూస్ అయితే రోజుకు 240 మిల్లీలీటర్లు, అందులో అసలు రసం కనీసం 27 శాతం ఉండాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో లేబుల్ మీద రాసుకోవడానికి ఒప్పుకున్న కొలత ఇది, అదీ రుజువు పరిమితమేనని రాయాలన్న షరతుతో. ఆ ఒక్క గ్లాసు తియ్యటి డ్రింక్‌తో 25 నుంచి 30 గ్రాముల చక్కెర లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ దాటకపోతే మేలని చెప్పేదే సుమారు 25 గ్రాములు. రోజూ వాడాల్సినవాళ్లకు క్యాప్సూలే నయం. ఎండు క్రాన్‌బెర్రీ నోటికి బాగుంటుంది కానీ, మందుగా లెక్కలోకి తీసుకోకండి.

షాపుల్లో ఇచ్చే సాచెట్లలో చాలావాటికి క్రాన్‌బెర్రీతో పాటు డి-మ్యానోస్ అనే ఒక రకం చక్కెర కలిపి ఉంటుంది. ఆ డి-మ్యానోస్‌ను విడిగా బ్రిటన్‌లో 598 మంది ఆడవాళ్ల మీద ఆరు నెలలు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. ధర పెరగడానికి అదే కారణమైతే డాక్టరును అడిగి మామూలు క్రాన్‌బెర్రీ క్యాప్సూల్‌కు మారొచ్చు.

వీటన్నిటికంటే ముందు నీళ్లు. తక్కువ నీళ్లు తాగే అలవాటున్న 140 మంది ఆడవాళ్లలో సగం మందితో రోజుకు అదనంగా లీటరున్నర తాగిస్తే, ఏడాదిలో ఇన్‌ఫెక్షన్లు మిగతా సగం కంటే దాదాపు సగానికి తగ్గాయని 2018లో అచ్చయిన ఒక పరీక్ష తేల్చింది. పత్తి ఏరేటప్పుడు, మిర్చి కోసేటప్పుడు చేను దగ్గర చాటు లేదని పొద్దంతా నీళ్లు తాగకుండా బిగబట్టుకునే ఆడవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. వాళ్లకు క్రాన్‌బెర్రీ చెప్పేకంటే రెండు లీటర్ల బాటిలూ, పోవడానికి ఒక చాటూ చూపించడం పెద్ద వైద్యం.

గుండెకు, చర్మానికి, క్యాన్సర్‌కు, బరువు తగ్గడానికి అని ప్యాకెట్ల మీద కనిపించేవాటికి ఇంతటి ఆధారం లేదు. వదిలేద్దాం.

జాగ్రత్త పడాల్సినవాళ్లు వీళ్లు. గుండె వాల్వు మార్చుకుని వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా క్యాప్సూళ్లు గానీ రోజూ జ్యూస్ గానీ మొదలుపెట్టొద్దు. మొదలుపెడితే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష దగ్గర దగ్గరగా చేయించుకోవాలి. ఆక్సలేట్ రకం కిడ్నీ రాళ్లు వచ్చినవాళ్లు రోజువారీ క్యాప్సూళ్లకు దూరంగా ఉండటం మంచిది. షుగరున్నవాళ్లు ఎండువి ఒక చెంచా దాటొద్దు. పుల్లటి జ్యూస్ పళ్ల పింగాణీని తినేస్తుంది కాబట్టి తాగాక నీళ్లతో పుక్కిలించాలి. వెంటనే బ్రష్ చేయకూడదు, అరగంట ఆగాలి.

వంటలోకి: ముందు గుర్తుంచుకోవాల్సినవి

గిన్నె స్టీలుదే వాడండి. ఇనప మూకుడులో, సత్తు గిన్నెలో వండితే ఆమ్లం లోహంతో కలిసి ఎరుపు కాస్తా నీలం నలుపు అవుతుంది, నాలుకకు ఇనుము రుచి తగులుతుంది. గట్టి బోరునీళ్లతో ఉడికించినా రంగు మసకబారుతుంది. ఫిల్టరు నీళ్లు వాడితే సరి.

ఫ్రోజెన్ పండ్లను కరగనివ్వకుండా నేరుగా వేయాలి. కరిగితే తొక్క మెత్తబడి రసం కారిపోతుంది. కానీ కాగిన నూనెలో ఐసు పడితే చిటపటమని ఎగిరి చేతులు కాలతాయి. మంట పూర్తిగా తగ్గించి, ఒక చేత్తో మూత పట్టుకుని వేయండి.

పులుపు కొలత: నిమ్మకాయంత చింతపండు ఇచ్చే పులుపుకు తాజా లేదా ఫ్రోజెన్ పండ్లు 100 నుంచి 125 గ్రాములు పడతాయి. చింతపండుకు లేని వగరు ఇందులో ఉంటుంది. దాన్ని అణచడానికి ఉప్పు, కాస్త బెల్లం, నూనె మూడూ కావాలి. నూనె తగ్గిస్తే వగరు నాలుక మీదే కూర్చుంటుంది. ఎండువి పుల్లటివే అయినా వాటిలో తీపిదే పైచేయి. వాటిని చింతపండుకు బదులు వాడబోతే కూర పాడవుతుంది.

పులిహోర

నలుగురికి 300 గ్రాముల బియ్యం పలుకుగా వండి, వెడల్పు తాంబాళంలో పరిచి, అర చెంచా పసుపు, ఒక పెద్ద చెంచా పల్లినూనె కలిపి చల్లార్చండి. వేడన్నంలో కలిపితే ముద్దవుతుంది.

స్టీలు కడాయిలో మూడు పెద్ద చెంచాల నూనె వేసి 40 గ్రాముల పల్లీలు వేయించి తీసి పక్కన పెట్టుకోండి. ముందే తీయకపోతే పండ్ల తడికి మెత్తబడతాయి. అదే నూనెలో శనగపప్పు, మినపప్పు ఒక్కో పెద్ద చెంచా, చెంచాడు ఆవాలు, నాలుగు ఎండుమిర్చి, నిలువునా చీల్చిన నాలుగు పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు, చిటికెడు ఇంగువ వేయండి. పప్పులు ఎర్రబడ్డాక మంట తగ్గించి 125 గ్రాముల ఫ్రోజెన్ క్రాన్‌బెర్రీలు వేసి మూత పెట్టండి. రెండు మూడు నిమిషాలకు ‘టప్ టప్’ మని పగలడం వినిపిస్తుంది. లోపలి గాలి వేడెక్కి తొక్క చీలుతుందన్నమాట. ఆ చప్పుడు ఆగేదాకా, అంటే ఆరేడు నిమిషాలు ఉంచి, సగం పండ్లను గరిటెతో నలిపి, సగం అట్లాగే వదలండి. ఒకటిన్నర చెంచా ఉప్పు, ఒక చెంచా బెల్లం తురుము వేసి, అంచుల దగ్గర నూనె తేలేదాకా కలుపుతూ ఉండండి. నీళ్లు మిగిలి ఉండగానే అన్నంలో పోస్తే సాయంత్రానికి జిగురుగా తయారవుతుంది. చల్లారిన అన్నంలో ఇది, పల్లీలు కలిపి అరగంట వదిలేయండి.

ఎండువి మాత్రమే ఉంటే నిమ్మకాయ పులిహోర చేసి, పొయ్యి ఆర్పేశాక సన్నగా తరిగిన రెండు పెద్ద చెంచాల (20 గ్రాములు) క్రాన్‌బెర్రీ కలపండి. పోపులో వేయొద్దు. పైనున్న చక్కెర మాడి ముక్క చేదెక్కుతుంది. సద్దుల బతుకమ్మ నాడు ఎట్లాగూ పులిహోర ఉంటుంది, అందులో కలిపితే పిల్లలు వెతుక్కుని తింటారు.

పప్పు, మాంసం

పప్పులో పులుపు ఎప్పుడూ చివరే. ఆమ్లం తగిలితే కందిపప్పు పలుకు మెత్తబడదు, ఇంకో నాలుగు విజిల్స్ పెట్టినా గింజ గింజగానే ఉంటుంది. 150 గ్రాముల పప్పు విడిగా మెత్తగా ఉడికించుకోండి. మరో గిన్నెలో 100 గ్రాముల క్రాన్‌బెర్రీ, ఒక ఉల్లిగడ్డ, ఐదు పచ్చిమిర్చి, 50 మిల్లీలీటర్ల నీళ్లతో ఐదు నిమిషాలు మగ్గించి, నలిపి, పప్పులో కలిపి రెండు పొంగులు రానివ్వాలి. ఎల్లిపాయ దంచి వేసిన పోపు దీనికి తప్పనిసరి.

పుంటికూర మటన్ వండే ఇంట్లో క్రాన్‌బెర్రీ మటన్‌కు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. అరకిలో మాంసం పూర్తిగా ఉడికాక 75 గ్రాముల పండ్లు వేసి పది నిమిషాలు దగ్గరకు రానివ్వడమే.

తొక్కు

క్రాన్‌బెర్రీ మన వంటలో ఎక్కడైనా పూర్తిగా ఇమిడిపోయిందంటే అది తొక్కులోనే. కారానికి వరంగల్ చపాట మిర్చి పొడి వాడండి. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ మిర్చికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. పండు ఎరుపును చంపకుండా ఇంకాస్త పెంచుతుంది. మామూలు ఘాటు కారమైతే సగమే వేయాలి, అప్పుడు రంగు తగ్గుతుంది.

కావాల్సినవి: ఫ్రోజెన్ క్రాన్‌బెర్రీ 250 గ్రాములు, పల్లినూనె 75 మిల్లీలీటర్లు, చపాట కారం రెండు పెద్ద చెంచాలు, ఉప్పు 20 గ్రాములు, బెల్లం 15 గ్రాములు, ఎల్లిపాయ రెబ్బలు 10, ఆవాలు చెంచాడు, మెంతులు అర చెంచా, ఎండుమిర్చి రెండు, పసుపు పావు చెంచా.

1. మెంతులు, సగం ఆవాలు నూనె లేకుండా దోరగా వేయించి చల్లారాక పొడి కొట్టండి. మెంతులు నల్లబడితే పారేసి మళ్లీ వేయించండి. పండు వగరుకు మెంతి చేదు తోడైతే బాగుచేయలేం.
2. మూడో వంతు నూనెలో పండ్లు, పసుపు, ఉప్పు వేసి మూతపెట్టి 8 నిమిషాలు మగ్గించండి. నీళ్లు పోయొద్దు, పండులోనే బోలెడంత ఉంది.
3. మూత తీసి నలుపుతూ, గరిటెతో అడుగున గీత గీస్తే రెండు క్షణాలు కలవకుండా నిలిచేదాకా ఉడికించండి. సుమారు 10 నిమిషాలు. బెల్లం ఇప్పుడే వేయాలి. ముందే వేస్తే అడుగంటుతుంది.
4. మిగతా నూనెలో మిగిలిన ఆవాలు, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ వేయించి పొయ్యి ఆర్పి, ఒక నిమిషం ఆగి కారం, మెంతిపొడి కలిపి ముద్దలో పోయండి. కాగుతున్న నూనెలో కారం పడితే నల్లగా మాడుతుంది.
5. పూర్తిగా చల్లారాక పొడి సీసాలో పెట్టి, పైన వేలు మందం నూనె తేలేట్టు చూడండి. ఫ్రిజ్‌లో మూడు వారాలు ఉంటుంది.

మామిడికాయ తొక్కులాగా ఏడాది బయట పెట్టుకుందామంటే కుదరదు. ఇందులో ఉప్పు తక్కువ, తడి ఎక్కువ. నూనె పొర కిందికి దిగిన చోట ముందు తెల్లటి బూజు మొదలవుతుంది. అది తీసేసి మిగతాది తినడం కూడా వద్దు. వేడివేడి సర్వపిండికి ఈ తొక్కు మంచి జోడీ. జొన్నరొట్టెకైతే పైన పచ్చి ఉల్లిగడ్డ కూడా ఉండాలి.

తీపి పదార్థాలు, జామ్, రసం

జామ్‌కు 340 గ్రాముల పండ్లు, 200 గ్రాముల చక్కెర, 240 మిల్లీలీటర్ల నీళ్లు. చక్కెర కరిగాక పండ్లు వేసి 10 నిమిషాలు ఉడికిస్తే చాలు. జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ ఈ పండులోనే పుష్కలం కాబట్టి విడిగా ఏదీ కలపక్కర్లేదు. అందరూ చేసే తప్పు ఒకటే: వేడిగా ఉన్నప్పుడు పలచగా కనిపిస్తోందని ఇంకో పది నిమిషాలు మరగబెడతారు, చల్లారాక రబ్బరైపోతుంది. చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి నిమిషం ఆగి వేలితో నెడితే ముడత పడిందంటే వెంటనే దించేయాలి.

మలీదాలో ఎండు క్రాన్‌బెర్రీ బాగా కుదురుతుంది. నాలుగు గోధుమ రొట్టెలకు 100 గ్రాముల బెల్లం వేసే అలవాటుంటే 75 గ్రాములకు తగ్గించి, 25 గ్రాముల క్రాన్‌బెర్రీ తరిగి వేయండి. బెల్లం తగ్గించకపోతే వెగటుగా ఉంటుంది.

పాయసంలో, సేమియాలో వేసేటప్పుడు పాలు గోరువెచ్చగా అయ్యాకే వేయాలి. మరుగుతున్న పాలలో పడితే విరిగే ప్రమాదం ఉంది. కేకులో వేసే 75 గ్రాముల ముక్కలకు చెంచాడు మైదా పట్టిస్తే అడుక్కి దిగవు. కేకు కోశాక ముక్క చుట్టూ నీలంగానో పచ్చగానో వలయం కనిపిస్తే అది బూజు కాదు, సోడా ఎక్కువైందని అర్థం. పావు చెంచా తినే సోడాకు అర కప్పు పుల్లటి పెరుగు పడితే ఆ వలయం రాదు.

రసం ఇంట్లోనే కాచుకుంటే చక్కెర మన చేతిలో ఉంటుంది. 250 గ్రాముల ఫ్రోజెన్ పండ్లు, 750 మిల్లీలీటర్ల నీళ్లు, 10 నిమిషాలు మరగబెట్టి, గుడ్డలో వడకట్టాలి. పిండితే పిప్పి వగరు దిగుతుంది. 60 గ్రాముల చక్కెరతో నాలుగు గ్లాసులు వస్తాయి, గ్లాసుకు 15 గ్రాములు. చిటికెడు నల్లుప్పు వేస్తే ఇంకా తక్కువ చక్కెరతోనూ సరిపోతుంది. ఇది ఎండాకాలపు షర్బతు. క్యాప్సూల్‌కు బదులు కాదు, ఎందుకంటే ఇందులో పీఏసీ ఎంత దిగిందో ఇంట్లో కొలవలేం.

వాక్కాయతో ఎంతవరకు

జులై నుంచి సెప్టెంబరు దాకా మార్కెట్లో ఆకుపచ్చ, గులాబీ కలిసిన వాక్కాయలు వస్తాయి. పులిహోర, పప్పు, తొక్కు, జామ్ నాలుగింటిలోనూ క్రాన్‌బెర్రీ బరువుకు సమానంగా వాక్కాయ వేసి మొదలుపెట్టి, ఉడికాక రుచి చూసి సర్దుకోవచ్చు. ఆకుపచ్చ కాయ పులుపు ఎక్కువ కాబట్టి పప్పుకు, తొక్కుకు. ఎరుపెక్కింది జామ్‌కు. నిజం చెప్పాలంటే పప్పులో వాక్కాయే మెరుగు. దూరం నుంచి ఫ్రోజెన్ తెచ్చుకుని చేయాల్సినంత తేడా లేదు.

కాకపోతే మూత్ర ఇన్‌ఫెక్షన్ మీద పరీక్షలన్నీ జరిగింది అమెరికా క్రాన్‌బెర్రీ మీదే. వాక్కాయ వేరే కుటుంబపు చెట్టు. వంటలో బదులు కాగలదు గానీ ఆ పనికి బదులని చెప్పలేం.

కోసేటప్పుడు జిగట పాలు కత్తికీ వేళ్లకూ పట్టుకుంటాయి. ముందు చేతులకు నూనె రాసుకుని, కాయను నిలువునా చీల్చి గింజలు తీసి, ఉప్పునీళ్లలో 15 నిమిషాలు వేసి కడగండి. గింజ ఉండిపోతే కూరంతా చేదు తగులుతుంది. ఎక్కువ దొరికినప్పుడు గింజ తీసిన ముక్కలను గుడ్డ మీద తడి ఆరేదాకా ఉంచి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి డీప్ ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక 100 గ్రాముల చొప్పున కవర్లలో కట్టి పెట్టుకోండి. తడితో అట్లాగే కవర్‌లో వేస్తే గడ్డకట్టిన ముద్దను సుత్తితో కొట్టాల్సి వస్తుంది. ఇట్లా పెట్టుకున్నవి సంక్రాంతి దాకా రంగు తగ్గకుండా ఉంటాయి, తీసి నేరుగా పోపులో వేసుకోవచ్చు.